కాడ కింది సంచి

బుట్టక్కకు కాలు ఒకచోట నిలవదు. ఆమె పని కర్టెన్లు కుట్టడం. కుట్టుమిషను మీద కూర్చున్నంతసేపూ కాళ్ళకు పని ఉంటుంది కాబట్టి కర్టెన్ల దుకాణంలో ఆమె ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చింది కానీ, లేకపోతే ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. భోజనం చేస్తూ మధ్యలో లేచి కిటికీ మూసి వస్తుంది. నిద్రపట్టకపోతే అల్మరా సర్దుతుంది. ఆమె భర్త తాళాలు బాగుచేసేవాడు, నిమ్మకు నీరెత్తిన మనిషి. "మా ఇంట్లో ఫ్యాన్ అక్కర్లేదండీ, ఆవిడ అటూ ఇటూ తిరుగుతుంటే వచ్చే గాలే చాలు" అని తన దగ్గరికి తాళాలు తెచ్చిన వాళ్ళతో చెప్పి నవ్వుతుంటాడు.

ఆమెకు ఆ పేరు బుట్ట వల్ల వచ్చింది. వానలు మొదలైతే చాలు, సెలవు దొరికిన రోజున పేముబుట్ట చంకన పెట్టుకుని ఊరి చివర బస్సు దిగి, పచ్చికబయలు దాటి అడవి అంచు దాకా వెళ్ళిపోతుంది. తిరిగి వచ్చేసరికి బుట్టలో పుట్టగొడుగులు ఉంటాయి. సగం ఇంటికి, సగం పట్నం అవతలి వైపున్న అన్నయ్య ఇంటికి. మరీ ఎక్కువ దొరికితే దుకాణంలో పంచిపెట్టేది. వీధిలో ఎవరికైనా పెరట్లో ఏదైనా మొలిస్తే పీకి పట్టుకొచ్చి "అక్కా, ఇది తినొచ్చా?" అని అడిగేవాళ్ళు. ఆమె తిప్పి చూసి, వాసన చూసి, తీర్పు చెప్పేది. ఆ క్షణంలో మాత్రం ఆమె కాళ్ళు కదిలేవి కావు.

ఆ విద్య ఆమెకు పిన్ని దగ్గర అబ్బింది. చిన్నప్పుడు పిన్ని ఆమెను తడి గడ్డిలో బోర్లా పడుకోబెట్టి, గొడుగు కిందికి తొంగిచూడమనేది. "పైన చూస్తే ఏం తెలుస్తుందే? అన్నీ తెల్లటి టోపీలే. కింద రెక్కలు చూడు. గులాబీ రంగులో ఉండి, ముదిరేకొద్దీ గోధుమరంగుకి తిరిగితే మనది. ఎంత ముదిరినా తెల్లగానే ఉందంటే దాని జోలికెళ్ళకు." అంతటితో వదిలేది కాదు. కత్తితో కాడ చుట్టూ మట్టి తవ్వించి, వేరు దాకా మొత్తం పైకి తీయించేది. "కాడ కింద చూశావా? పగిలిన గుడ్డు పెంకులాగా సంచి ఉంటే అది యముడి చెప్పు. పైనుంచి కోసేస్తే ఆ సంచి మట్టిలోనే ఉండిపోతుంది, నీకు తెలీదు. అందుకే ఎప్పుడూ కొయ్యకు. తవ్వు."

పిన్ని పోయి చాలా కాలమైంది. ఆమె మాట మాత్రం బుట్టక్క ఏనాడూ జవదాటలేదు. ఒక్క ఆ ఆదివారం తప్ప.

ఆ రోజు పొద్దున్నుంచే ఆమె మనసు కుదురుగా లేదు. దుకాణంలో పెద్ద హోటలు వాళ్ళ కర్టెన్లు సగంలో ఉన్నాయి, యజమానురాలు ఆదివారం కూడా మధ్యాహ్నం రమ్మంది. వెళ్ళకపోతే బాగుండదు. పచ్చికబయలుకు వెళ్ళకపోతే, రాత్రి వాన పడింది కదా, మొలిచినవన్నీ రేపటికి పురుగుపట్టిపోతాయి. రెండూ కావాలనుకుంది. భర్త "ఒకటి వదిలెయ్యవోయ్" అన్నాడు. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంది.

పచ్చికలో ఆ రోజు పంట పండినట్టే ఉంది. వంగిన నడుం ఎత్తకుండా తవ్వుతూ, తిప్పిచూస్తూ అడవి అంచున ఉన్న పెద్ద చెట్ల దాకా వచ్చింది. అప్పుడు పడమటి వైపు ఉరిమింది. నాలుగు చినుకులు మెడ మీద పడ్డాయి. చెట్టు మొదట్లో పక్కపక్కనే రెండు, లేతవి, తెల్లగా బొద్దుగా ఉన్నాయి. తవ్వే ఓపిక లేదు. బస్సు వేళ అవుతోంది. కత్తి అడ్డంగా పెట్టి రెండింటినీ చటుక్కున కోసి బుట్టలో పడేసి, కొంగు నెత్తిన కప్పుకుని పరుగెత్తింది.

దారిలో అన్నయ్య ఇంటి దగ్గర దిగింది. అన్నయ్య సీసాల ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు. వదిన తలుపు తీసి, గిన్నె తెచ్చి, సగం పుట్టగొడుగులు అందులో పోయించుకుంది. "అబ్బ, ఎంత బావున్నాయో! నీ చేతిలో ఏం మహిమ ఉందో కానీ!" అంది, ప్రతి ఏడూ అన్నట్టే. బుట్టక్క గడపలోంచే వెనక్కి తిరిగింది. దుకాణంలో మధ్యాహ్నం దాటేదాకా కుట్టి ఇంటికి వచ్చింది.

వంటింట్లో గోధుమరంగు కాగితం పరిచి తన వంతు పుట్టగొడుగులు బాగుచేయడానికి కూర్చుంది. ఒక్కొక్కటీ తిప్పుతోంది. గులాబీ. గులాబీ. గోధుమ. గులాబీ. తరవాతది తిప్పింది.

తెలుపు.

చేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. రెక్కలు పాలమీగడ తెలుపు. కాడకు పైన మెత్తటి పట్టీ వేలాడుతోంది. కింద కత్తి కోసిన చోట నున్నగా ఉంది, అంతే. లేతదైతే మంచి రకానికి కూడా రెక్కలు ఒక్కోసారి పాలిపోయి ఉంటాయి. కాకపోవచ్చు. అయ్యుండొచ్చు. చెట్టు మొదట్లో రెండు ఉన్నాయి కదా, రెండోది ఎక్కడ? కాగితం మీద ఉన్నవన్నీ తిరగేసింది. బుట్ట బోర్లించింది. లేదు.

ఫోను అందుకుంది. వదిన ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. అన్నయ్యకు చేస్తే ఫోను ఆపేసి ఉంది, ఫ్యాక్టరీలో లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. ముందు గదిలో తాళం విప్పదీసి స్ప్రింగులు తుడుచుకుంటున్న భర్త ఆమె మొహం చూసి లేచాడు. "స్కూటర్ తియ్యండి" అంది ఆమె. అతను చేతులు తుడుచుకుని బయటికి నడిచాడు.

దారి పొడవునా సిగ్నళ్ళన్నీ ఎర్రగానే ఉన్నట్టు అనిపించింది ఆమెకు. ఆగిన చోటల్లా వెనక సీటు మీద కూర్చునే అటూ ఇటూ కదులుతుంటే, "కదలకు, పడిపోతాం" అన్నాడు భర్త. ఆ తెల్లటిదాన్ని ఆమె రుమాల్లో చుట్టి చేతిలో పట్టుకుంది. వదినా, వండొద్దు వదినా, ఇంకా వండి ఉండవు కదూ, అని లోలోపలే అనుకుంటోంది.

వదిన తలుపు తీసేసరికి ఆమె తల తడిగా ఉంది. స్నానం చేసి వచ్చింది, అందుకే ఫోను వినపడలేదు.

"పుట్టగొడుగులు తిన్నావా?" అంది బుట్టక్క, ఊపిరి అందక.

"ఆ, బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా, ఇప్పుడే..."

"వదినా! నిజం చెప్పు. అందులో ఒకటి విషపుదేమో. తిన్నావా?"

వదిన మొహంలో రంగు మారింది. తిన్న మనిషికి కలిగే భయంలా లేదు అది. చూపు నేలకు దించింది. "తినలేదు."

"హమ్మయ్య! ఎక్కడున్నాయి? గిన్నె తే."

"లేవు." వదిన తడి జుట్టు వేళ్ళతో పిండుకుంది. "నేనెప్పుడూ తినలేదమ్మా. మీ అన్నయ్యకి కూడా పెట్టలేదు. నాకు భయం. నువ్వు అంత ప్రేమగా తెస్తే, వద్దని నీ మొహం మీద ఎలా చెప్పను? ప్రతిసారీ కింద ఇంజను తాతగారికి ఇచ్చేస్తాను. ఆయనకి అవంటే ప్రాణం."

ఇన్నేళ్ళుగా వాళ్ళ మెచ్చుకోళ్ళు విని పొంగిపోయిన బుట్టక్కకు, వేరే రోజైతే తల కొట్టేసినట్టయ్యేది. ఆ మాట అప్పుడు చెవిన పడింది కానీ లోపలికి దిగలేదు. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

ఇంజను తాతగారు ఒకప్పుడు రైలింజను నడిపిన మనిషి. కింద వాటాలో ఒక్కడే ఉంటాడు. కిటికీకి ఎదురుగా కుర్చీ వేసుకుని రేడియో వింటున్నాడు. వంటింట్లోంచి ఉల్లిపాయల వేపుడు వాసన ఇంకా పోలేదు. మూకుడు ఖాళీగా సింకులో నానుతోంది.

"తినేశారా?" అంది ఆమె.

"రావమ్మా, రా! పైన మీ వదిన ఇప్పుడే... అంటే, మధ్యాహ్నం ఇచ్చింది. దివ్యంగా ఉంది. ఎవరు తెస్తారో కానీ..."

"నేనే తెస్తాను. తాతగారూ, అందులో తెల్ల రెక్కలది ఒకటి చూశారా? కింద రెక్కలు తెల్లగా ఉన్నది?"

"రెక్కలు చూసే కళ్ళు నాకెక్కడివమ్మా? కోసి వేయించా, తిన్నా." అని నవ్వబోయి, ఆమె చెత్తబుట్ట వైపు వంగడం చూసి రేడియో కట్టేశాడు.

ఆమె చెత్తబుట్ట నేల మీద కుమ్మరించి వెతికింది. ఉల్లిపొట్టు, గుడ్డు పెంకులు, టీపొడి. ముక్క కూడా మిగల్లేదు. "ఆసుపత్రికి వెళ్దాం, లేవండి" అంది.

"నాకేమయింది? రాయిలా ఉన్నాను."

"అదే భయం. ఇది వెంటనే తెలీదు. సగం రోజు గడిచాక మొదలవుతుంది. అప్పటికి చేతులు కాలిపోతాయి. లేవండి, మీకు దణ్ణం పెడతాను."

వదిన మెట్ల మీదే నిలబడిపోయింది. ఆయన్ను ఆటో ఎక్కించేటప్పుడు ఆమె కూడా ఎక్కి పక్కన కూర్చుంది, ఎవరూ రమ్మనలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రుమాలు విప్పి పుట్టగొడుగును బల్లదీపం కింద తిప్పి చూసింది. "మీకు ఖచ్చితంగా తెలుసా, ఇది ఆ రకమేనని?"

"తెలీదండీ. కాడ కింద చూడలేదు. కోసేశాను."

"సరే, మేము ఆగం, ఇప్పుడే మొదలుపెట్టేస్తాం. బొగ్గుపొడి తాగిస్తాం, సెలైన్ పెడతాం. కానీ ఏదో తెలిస్తే మాకు చాలా ఉపయోగం. లివర్ మీద పనిచేసే మందు పెద్ద ఆసుపత్రి నుంచి తెప్పించాలి, ఊరికే అనుమానం మీద పంపమంటే పంపరు."

బుట్టక్క వరండాలో నాలుగడుగులు అటు వేసింది, నాలుగడుగులు ఇటు వేసింది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న ఆమెను చూసి నర్సు "కూర్చోండమ్మా" అంది. కూర్చోలేదు. భర్త దగ్గరికి వెళ్ళి, "పొద్దు ఇంకా ఉంది. మొదళ్ళు మట్టిలోనే ఉంటాయి. పదండి" అంది.

పచ్చికబయలు దగ్గరికి చేరేసరికి వాన వెలిసి ఎండ ఏటవాలుగా పడుతోంది. పొద్దున చూసిన చోటు ఇప్పుడు వేరేగా కనిపించింది. పెద్ద చెట్టు అనుకుంది కానీ, అక్కడ అన్నీ పెద్ద చెట్లే. ఒకదాని మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి చీల్చి చూసింది, లేదు. మరొకటి. లేదు. ఆకులు రెండు చేతులతో ఎగదోసింది. భర్త ఇంకో వైపు నుంచి వెతుకుతున్నాడు. తాళంలో విరిగిన ముక్క కోసం వెతికేటప్పుడు ఎలా వెతుకుతాడో అలాగే, తొందరపడకుండా, జానెడు జానెడు నేల చూసుకుంటూ.

"ఇటు రావోయ్" అన్నాడు చివరికి.

మట్టిలో రెండు తెల్లటి గుండ్రాలు, నాణేల్లా. తన కత్తి కోత. ఆమె వేళ్ళతో చుట్టూ మట్టి తీసింది. లోపల కాడ ఉబ్బి ఉంది. ఇంకా తీసింది. పలచటి తెల్లటి పొర, పగిలిన పెంకులాగా, కాడను చుట్టుకుని ఉంది. రెండింటికీ ఉంది.

పిన్ని చెప్పిన సంచి అది. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూసింది. ఇప్పుడు మట్టి చేతులతోనే నోరు మూసుకుంది.

"ఏడుపు తరవాత. ముందు తీసుకెళ్దాం" అన్నాడు భర్త. మట్టితో సహా పెళ్ళగించి, స్కూటర్ డిక్కీలో పనిముట్ల డబ్బా ఖాళీ చేసి అందులో పెట్టాడు.

డాక్టరమ్మ ఆ డబ్బాలోకి చూసి ఫోను అందుకుంది. ఆ మందు ఆ రాత్రికే వచ్చింది.

తరవాతి రోజులు బుట్టక్కకు ఎలా గడిచాయో ఆమెకే తెలియదు. తెల్లవారుజాము నుంచి తాతగారికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాటికి తగ్గాయి. ఆయన లేచి కూర్చుని "నేను చెప్పలా?" అన్నాడు. అందరి ప్రాణం కుదుటపడింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "ఇదే మోసం. బాగున్నట్టు కనిపిస్తుంది. లోపల పని అప్పుడే మొదలవుతుంది" అంది. ఆమె అన్నట్టే రక్తపరీక్షలో అంకెలు ఎగబాకాయి. ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. మాట మందగించింది. బుట్టక్క దుకాణానికి వెళ్ళి మిషను మీద కూర్చునేది, గుడ్డ వంకరగా పోయేది, విప్పేది, లేచి ఆసుపత్రికి పరుగెత్తేది, అక్కడ చేసేదేమీ లేక మళ్ళీ దుకాణానికి వచ్చేది. యజమానురాలు మూడోసారి వంకర కుట్టు చూసి, "నువ్వు ఆయనకు నయమయ్యాకే రా" అని కత్తెర ఆమె చేతిలోంచి తీసుకుంది.

ఆ రోజుల్లోనే వదినా ఆమే వార్డు బయట బెంచీ మీద పక్కపక్కన కూర్చోవాల్సి వచ్చింది.

"నా చేత్తో ఇచ్చాను ఆయనకి" అంది వదిన. "నేను తినడానికి భయపడ్డ వస్తువు, కింది వాటా మనిషికి పెట్టాను. ఇన్నేళ్ళూ ఏం కాలేదు కదా అనుకున్నా. అసలు ఇచ్చేటప్పుడు ఏమనుకునేదాన్నో తెలుసా? ఈయనకి ఏం కాలేదంటే మంచివేనన్నమాట, వచ్చేసారి మనమూ తిందాం అని. వచ్చేసారి మళ్ళీ భయం."

బుట్టక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అంటే తాతగారి మీద పరీక్ష చేశావా?"

"నువ్వు కొయ్యకుండా తవ్వి ఉంటే?"

బుట్టక్క లేచి వరండా చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ వచ్చి నిలబడింది. "నాకు ముందే చెప్పొచ్చు కదా, మేం తినం అని. ఊరికే ఆ పొగడ్తలు ఎందుకు?"

"నువ్వు ఏడాదికొకసారి కూడా మా ఇంట్లో పీట మీద కూర్చోవు. గడపలోంచే వెళ్ళిపోతావు. ఆ బుట్ట కూడా వద్దంటే ఇంక రావేమోనని." వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రాత్రి నేనుంటాను. నువ్వు ఇంటికెళ్ళి పడుకో."

"పడుకుంటే నిద్ర వస్తుందా?"

"రాదు. అయినా వెళ్ళు. నీ నడక చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

అంకెలు ఒకరోజు ఎగబాకడం మానాయి. తరవాత దిగడం మొదలుపెట్టాయి. డాక్టరమ్మ మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి, "ఒంట్లో బాగున్నప్పుడే తీసుకొచ్చారు. అది పనిచేసింది. వాంతులు మొదలయ్యేదాకా ఆగుంటే నేను ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు" అంది. బుట్టక్కకు ఆ మాట ఓదార్పుగా తగల్లేదు. ఆగుంటే, అన్న ముక్క దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది.

తాతగారు ఇంటికి వచ్చాక ఆమె చీపురు పట్టుకుని ఆయన గది ఊడ్చింది, కిటికీలకు కొత్త కర్టెన్లు కుట్టి వేలాడదీసింది, వద్దన్నా వినకుండా మంచం జరిపింది. ఆయన సగానికి సగం అయ్యాడు. గొంతు మాత్రం పాత గొంతే. "అమ్మాయ్, ఆ కర్టెన్ మూడోసారి సర్దుతున్నావు. కూర్చో. నా సర్వీసులో ఒకసారి సిగ్నల్ చూసుకోకుండా బండి పోనిచ్చాను. ఎదురుగా ఏ బండీ లేదు కాబట్టి ఇవాళ నీతో మాట్లాడుతున్నాను. నీకు ఎదురుగా నేనున్నాను, అంతే తేడా."

"మీకు నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఆసుపత్రిలో ఆ బొగ్గు తాగించినప్పుడు నిన్ను నానా తిట్లూ తిట్టుకున్నా. అయిపోయింది."

ఆయనకు అయిపోయింది కానీ ఆమెకు అవలేదు. తాను ఇన్నేళ్ళలో ఎవరెవరికి "తినొచ్చు" అని తీర్పు చెప్పిందో ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. ఇంటింటికీ వెళ్ళింది. "నేను చూపించిన గుర్తులు పట్టుకుని మీ అంతట మీరు కోసుకురావద్దు. నేనే పొరబడ్డాను" అని జరిగింది జరిగినట్టు చెప్పింది. కొందరు తలుపు మూశాక గుసగుసలాడుకున్నారు. ఇస్త్రీ దుకాణం ఆమె మాత్రం "పోన్లే అక్కా, నువ్వు చెప్పాక మాకెవరికీ ఏం కాలేదుగా" అంది. వదిన కూడా ఇలాగే అనుకుంది.

మరుసటి ఏడాది వానలు పడ్డప్పుడు ఆమె వెళ్ళనని ఒట్టు పెట్టుకుంది. కిటికీలు తుడిచింది, అల్మరాలు సర్దింది, సర్దిన అల్మరాలే మళ్ళీ సర్దింది. ఒక సెలవు రోజున ఇంజను తాతగారు కర్ర టకటకలాడించుకుంటూ గుమ్మంలో దిగాడు.

"పద. నన్ను పడగొట్టింది ఎక్కడ మొలుస్తుందో చూపించు. చూడకుండా పోతే నా మనసు ఊరుకోదు."

"మీరు నడవలేరు తాతగారూ."

"నువ్వు కూర్చోలేవు. సరిపోయింది."

బుట్ట తీసుకోలేదామె. ఇద్దరూ నెమ్మదిగా పచ్చిక దాటారు, ఆయన పది అడుగులకోసారి ఆగుతూ, ఆమె ముందుకు వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తూ. చెట్ల మొదట్లో ఆ తెల్లటివి ఈసారి లేవు. బయలు మధ్యలో మాత్రం గడ్డిలోంచి ఒకటి తలెత్తి ఉంది. ఆయన కర్రతో చూపించాడు. "ఇదేనా?"

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ తవ్వింది. వేరు దాకా పైకి తీసింది. రెక్కలు గులాబీ రంగు. కాడ మొదలు శుభ్రంగా, సన్నగా ఉంది, సంచి లేదు. విరిచి వాసన చూసింది. "కాదు. ఇది మంచిది."

"ఖాయమా?"

"ఖాయం."

"మరి పట్టుకుపోదాం."

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని మళ్ళీ తిప్పింది. ఎండకు ఎదురుగా ఎత్తి చూసింది. మంచిదే. పిన్ని లేచి వచ్చి చూసినా మంచిదే అంటుంది. అయినా చెయ్యి దాన్ని కొంగులో వేసుకోనివ్వలేదు. తీసిన గుంటలోనే నిలబెట్టి మట్టి కప్పింది, అలా కప్పితే అది బతకదని తెలిసి కూడా. తాతగారు కర్ర ఊనుకుని వెనక్కి తిరిగాడు.

బస్టాపులో ఆయన బల్ల మీద కూలబడ్డాడు. ఆమె నిలబడే ఉంది. రోడ్డు వైపు చూసింది, పచ్చిక వైపు చూసింది. "ఒక్కసారి వెళ్ళి మళ్ళీ చూసి వస్తాను" అంది.

"ఏం చూస్తావు? మంచిదేనన్నావుగా."

"మంచిదే."

"మరి?"

బస్సు మలుపు తిరిగింది. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించి, వెనకాలే ఎక్కింది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని, బస్సు కుదుపులకు ఊగుతూ, వెనక అద్దంలోంచి ఆ పచ్చిక కనిపించినంతసేపూ చూస్తూనే ఉంది.